అవని ఆపిన పెనాల్టీ

టీవీలో కూతురు అవని పెనాల్టీ ఆపగానే గిరిజ సోఫాలోంచి ఎగిరి లేచి చప్పట్లు కొట్టింది. పక్కన కూర్చున్న కౌస్తుభ్ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "అబ్బా, పోయింది!" అన్నాడు.

గిరిజ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

పార్సిప్పనీలో ఈ రెండు కుటుంబాలవీ పక్కపక్క అపార్ట్‌మెంట్లు. గిరిజ భర్త భాస్కర్ కన్సల్టింగ్ పనిమీద ఊళ్ళు తిరిగే రోజుల్లో చిన్న అవనిని సాకర్ ప్రాక్టీసుకి తీసుకెళ్ళింది కౌస్తుభే. గోల్‌కీపర్ గ్లవ్స్ మొదటి జత కొనిపెట్టిందీ అతనే. ఇప్పుడా పిల్ల పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీ జట్టుకి ఆడుతోంది. ఆ శనివారం మధ్యాహ్నం భాస్కర్ మ్యాచ్ చూడటానికి అక్కడికే వెళ్ళాడు. జ్వరంనుంచి అప్పుడే తేరుకుంటున్న గిరిజ ఇంట్లో టీవీ పెట్టుకుంటే, తోడుగా కౌస్తుభ్ వచ్చి కూర్చున్నాడు.

మ్యాచ్ రెండు-సున్నాతో అయిపోయింది. అవనిని తోటి అమ్మాయిలు పైకెత్తుకున్నారు.

"పోయిందేమిటి కౌస్తుభ్? మనం గెలిచాంగా!"

"ఏం లేదులే వదినా." అతను ఫోన్ జేబులో పెట్టుకోబోయి ఆగాడు. "చిన్న బెట్ వేశాను. బోత్ టీమ్స్ టు స్కోర్ అని."

"అంటే?"

"రెండు టీములూ చెరో గోలైనా కొట్టాలి. అంతే. ఎవరు గెలిచారన్నది మేటర్ కాదు. ఒకటి-ఒకటి అయినా ఓకే, ఐదు-ఒకటి అయినా ఓకే. ఒక టీమ్ సున్నా దగ్గర ఆగిపోతే మాత్రం బెట్ పోయినట్టే."

గిరిజ మెల్లగా కూర్చుంది. ఆమెకి లెక్క అర్థమైంది.

"మనవాళ్ళవి అప్పటికే రెండు గోల్స్ ఉన్నాయి. ఇక కావాల్సింది అవతలివాళ్ళ గోలే కదా?"

"అవును."

"అది అవని మీద కొట్టాల్సిందే కదా?"

కౌస్తుభ్ మొహం పాలిపోయింది. "అలా అనుకోలేదు వదినా, ఒట్టు. రెండు-ఒకటితో గెలిస్తే అందరం హ్యాపీ అనుకున్నా. అవని ఓడిపోవాలని నేనెందుకు కోరుకుంటాను?"

పదకొండేళ్ళప్పుడు అవని వేలు విరిగితే ఎమర్జెన్సీ రూములో తల్లైన తనకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి. అతనే ఇందాక పెనాల్టీ ముందు చేతులు జోడించాడు. అప్పుడు ఇద్దరం ఒకటే కోరుకుంటున్నామనుకుంది గిరిజ.

ఆమె ఇంకేమీ అనకముందే అవని వీడియో కాల్ వచ్చింది. పిల్ల మొహంలో గెలిచిన సంతోషం లేదు.

"అమ్మా, ఎవరో నాకు మెసేజెస్ పంపుతున్నారు. చాలా మంది. చచ్చిపో అని రాశారు. ఒకతను నేనుండే డార్మ్ నేమ్ కూడా రాశాడు. కోచ్ క్యాంపస్ పోలీస్‌కి చెప్పింది. నాన్న నా దగ్గరే ఉన్నాడు. బట్ వై, అమ్మా? అవతల టీమ్ ఫ్యాన్స్ కాదు వాళ్ళు. మేము విన్ అయితే వాళ్ళకేంటి?"

గిరిజ ఫోన్ కౌస్తుభ్ చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

వాళ్ళంతా బెట్ పోగొట్టుకున్నవాళ్ళని అతను తల దించుకుని చెప్పాడు. ఇందాకటి మాటలే, కానీ ఈసారి ఒక్కొక్కటీ పెకలించుకున్నట్టు వచ్చాయి.

"అంటే నేను బాల్ ఆపకూడదా?" అంది అవని తెల్లబోయి. "అది నా జాబ్ కదా! మీకు ఇదంతా ఎలా తెలుసు, అంకుల్?"

న్యూస్‌లో చూశానని అనేస్తే సరిపోయేది. అతను గిరిజ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నేనూ వేశాను, నాన్నా. నీ మ్యాచ్ మీదే."

అవని నవ్వింది, జోక్ అనుకుని. అతను నవ్వకపోవడం చూసి ఆపేసింది. కాల్ కట్ అయింది.

కౌస్తుభ్ ఆ సాయంత్రమే బెట్టింగ్ యాప్ తీసేశానని మెసేజ్ పెట్టాడు. గిరిజ జవాబివ్వలేదు. నాలుగు రోజులు పోయాక అవనే అతనికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో తల్లికి చెప్పలేదు. "ఐయామ్ స్టిల్ మ్యాడ్, అమ్మా. బట్ హి టోల్డ్ మీ ద ట్రూత్," అని మాత్రం అంది.

తర్వాతి మ్యాచ్‌కి గిరిజ స్వయంగా వెళ్ళింది. మొదటి పది నిమిషాల్లోనే అవని పక్కకి దూకి ఓ బంతి ఆపింది. గ్యాలరీ అంతా లేచి అరిచింది. గిరిజ మాత్రం కూతుర్ని చూడటం మరిచి, వెనక్కి తిరిగి వరస వరసా మొహాలు వెతకసాగింది, ఎవరు చప్పట్లు కొట్టడం లేదా అని.