రెండు నిమిషాలు నడువనీ

దుబాయి దిక్కు పోయినోళ్ళు ఇంటికచ్చేటప్పుడు ఏం తెస్తరు? కంబళ్ళు, సెంటు సీసలు, సబ్బులు, పోరగాండ్లకు చాక్లెట్లు. షార్జాల ఏడేండ్లుండి అచ్చిన ప్రభుదాసు ఏం తెచ్చిండో ఎరుకేనా? టర్బో! మెత్తటి కంబళిల సుట్టి, తాడుతోటి కట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు సంకల వెట్టుకొని మేడిపల్లిల బస్సు దిగిండు. ఇంటి ముంగట మూట విప్పితే ఏమున్నది, పెద్ద నత్తగుల్ల తీరు ఇనుప ముద్ద. వాడకట్టు ఆడోళ్ళంత మూతికి కొంగు అడ్డం వెట్టుకొని నవ్విండ్రు.

"సుమలతా, నీ మొగడు నీ మెడలకు మంచి సొమ్మే తెచ్చిండు గదనే!" అన్నది పక్కింటి పోశవ్వ.

సుమలత గూడ నవ్వింది. నవ్వక ఏం జేస్తది? లోపల మాత్రం వేరే రంది. పెండ్లయి తొమ్మిదేండ్లు, అండ్ల మొగడు ఇంట్ల ఉన్నది రెండేండ్లు నిండలే. ఆమెకు సొమ్మొద్దు, సెంటొద్దు. గీ మనిషి కండ్ల ముంగట తిరుగుకుంట ఉంటే సాలు.

ప్రభుదాసు ఆలోచన గూడ గదే. షార్జాల ఆయన పని ఏందంటే, అరబ్బోళ్ళు ఇసుక గుట్టలెక్కే ఫోర్ వీల్ డీజిల్ బండ్లకు పెద్ద టర్బోలు ఎక్కిచ్చుడు. ఇంజన్ ఇడిసే పొగ ఉత్తగనే పోకుంట ఒక రెక్కను తిప్పుతది, ఆ రెక్క ఇంజన్ లకు ఇంకింత గాలి నూకుతది, గాలి ఎక్కువైతే బలం ఎక్కువైతది. గిది సుమలతకు ఇడమరిచి చెప్పిండు.

"అంటే తేన్పుతోటి గూడ పని జేపిచ్చుకునుడన్నట్టు," అన్నదామె.

"అగో, నీకు తెలిసినంత మా గ్యారేజోళ్ళకు గూడ తెల్వదు," అని పడి పడి నవ్విండు.

కోరుట్లల ఒక పాత ఫోర్ వీల్ ట్రక్కు దొరికింది. నాలుగు చక్రాలూ కలిసి గుంజే బండి. మా దిక్కు యాసంగి వడ్లు కోసే యాల్లకే చెడగొట్టు వానలు పడ్తయి, కల్లాలల్ల వడ్ల లారీలు ఇరుసుల దాక కూరుకపోతయి, ట్రాక్టర్లతోటి కదలయి. గా లారీలను గుంజే పని దొరికితే ఇల్లిడిసి పోవుడే ఉండదు. కోరుట్ల రైసుమిల్లు గుమస్త ముత్తయ్య మాటిచ్చిండు. "నీ బండి మూడు లారీలు గుంజి, తెల్లారి వడ్ల లోడు మిల్లుకు చేర్చిందనుకో, సీజనంత పని నీకే," అన్నడు. ఇంకోదిక్కు షార్జా సేటు మల్ల రమ్మని వీసా, టికెట్టు పంపిండు. పదిహేను దినాలున్నది.

"పని కుదిరిననాడే వీసా కాయిదం పొయిల వెడ్త," అన్నడు ప్రభుదాసు. సుమలత ఆ మాటను పట్టుకొని తిరిగింది.

పది దినాలు రేకుల పందిరి కింద ఆలుమొగలిద్దరే పని జేసిండ్రు. పాత చిన్న టర్బో ఇప్పి గోడకు తగిలిచ్చిండ్రు. పెద్దది బిగిచ్చిండ్రు. ఆయిల్ పైపు లావుది ఏసిండ్రు. పన్నెండు నంబరు పానా ఏదో, పద్నాలుగు ఏదో సుమలత సూడకుంటనే అందిచ్చుడు నేర్చింది. మొదలు స్టార్ట్ జేస్తే నల్లటి పొగ వాడకట్టంత కమ్మింది, పోశవ్వ ఆరేసిన బట్టలన్ని మసిబారినయి. పోశవ్వ ఏడు తరాలు ఎత్తి తిట్టింది. "డీజిల్ ఎక్కువ పోతున్నది," అని పంపు స్క్రూ ఇంత ఎనుకకు తిప్పిండు. పొగ బూడిద రంగైంది. ఇంకింత తిప్పిండు. పొగ పోయి, సన్నటి ఈల ఇనవడ్డది. ప్రభుదాసు కండ్లు మూసుకొని ఇన్నడు. ఆమె బండిని ఇడిసిపెట్టి ఆయన మొఖమే సూసింది.

కోసిన పొలంల బండి నడుపుడు గూడ నేర్పిండు. ఒక్క సంగతి మాత్రం పదిసార్లు చెప్పిండు.

"గట్టిగ గుంజినంక టర్బో నిప్పు తీరు కాలుతది. ఎంటనే బంద్ జేస్తివా, ఆయిల్ ఆగి, ఉన్నకాడనే మాడి మసైతది. లోపలి ఇరుసు పోతది. అందుకే ఆగినంక రెండు నిమిషాలు ఉత్తగ నడువనీ. తర్వాతనే తాళం."

మనోళ్ళా? దిగుడున్నకాడ గూడ ఇంజన్ బంద్ జేసి డీజిల్ మిగిలిచ్చేటోళ్ళు! అందుకే అన్నిసార్లు చెప్పిండు. పొద్దుమీకి ఆయన ఇంటికచ్చినప్పుడు వాకిట్ల బండి రెండు నిమిషాలు గుర్రుమనుకుంట ఉండేది. ఆ రెండు నిమిషాలల్ల సుమలత పొయి మీద చాయ్ వెట్టేది. ఆ సప్పుడు ఇంటే ఆమె పానానికి నిమ్మలం.

వాన పడ్డది. ఇబ్రహీంపట్నం కాడ కొనుగోలు సెంటర్ల మూడు లారీలు దిగవడ్డయని ముత్తయ్య ఫోన్ జేసిండు. ఇద్దరూ పోయిండ్రు. ప్రభుదాసు గొలుసు కట్టి, చిన్న గేరేసి, ఆక్సిలేటర్ తొక్కిండు. టర్బో ఈలేసింది. మొదటి లారీ బురదల నుంచి పెయ్య లేసినట్టు లేసింది. జనం సీటీలు కొట్టిండ్రు. రెండోది గూడ అచ్చింది. మూడోది అరగంట సతాయించి అచ్చింది. "శెభాష్ రా బిడ్డా!" అన్నడు ముత్తయ్య. సుమలతకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇగ పోడు, ఇంటికాడనే ఉంటడు, అనుకున్నది.

ముత్తయ్య ప్రభుదాసును కల్లం ఎనుకకు, రేపటి లోడు సూపిస్త రమ్మని తీస్కపోయిండు. "బంద్ జెయ్యకు, నడువనీ," అని ప్రభుదాసు సుమలతను బండ్ల కూసుండవెట్టి పోయిండు.

ఆయన అటు మలుగంగనే అచ్చింది, తెల్ల అంబులెన్సు.

మా దిక్కు ఒక కట్టుబాటున్నది, ఎవ్వలు వెట్టిండ్రో ఎరుకలేదు. గల్ఫ్ ల సచ్చినోళ్ళ పెట్టె అచ్చిందంటే, ఆ పెట్టె దాటిపోయేదాక తొవ్వల ఉన్న బండ్లన్ని బంద్ జెయ్యాలె. పెట్టెకు మొలలు గొట్టి ఉంటయి. కొందరికైతే మొఖం సూసే రాత గూడ ఉండదు. ఇంటిదానికి మిగిలేది ఏడ్పొక్కటే. గా ఏడ్పన్న ఇనవడనియ్యాలె గదా.

ఆ పెట్టెల ఉన్నది ఓదెలు, పక్కూరోడు. డ్రైవరు పక్కకు ఆయన పెండ్లాం బాలవ్వ కూసున్నది. బురద తొవ్వల అంబులెన్సు నత్త తీరు నడిచింది. ట్రాక్టర్లు ఆగినయి. వరి మిషిను ఆగింది. లారీలు ఆగినయి. ఒక్క సుమలత బండే గుర్రుమంటున్నది. అందరు ఇటు సూసిండ్రు. బాలవ్వ గూడ తలెత్తి సూసింది. ఆ కండ్లల్ల కోపం లేదు, ఏం లేదు. గదే సుమలత ఓర్సుకోలేకపోయింది.

రెండు నిమిషాలు గాలేదని ఎరుకే. తాళం తిప్పింది.

అప్పుడు ఇనవడ్డది బాలవ్వ ఏడ్పు.

అంబులెన్సు దాటిపోయినంక సుమలత మల్ల స్టార్ట్ జేసింది. ప్రభుదాసు తిరిగచ్చేసరికి బండి నడుస్తనే ఉన్నది. ఆయన ఏమడుగలే, ఈమె ఏం జెప్పలే. తెల్లారి కోరుట్ల తొవ్వల, నిండు లోడు మీద, ముత్తయ్య పక్కల కూసుండంగనే, ఈల పోయి గరగరమన్నది. నీలం పొగ లేసింది. బండి అక్కడ్నే ఆగింది. ఇంకేముంది, ముత్తయ్య పనిని వేరేటోళ్ళకిచ్చిండు.

ప్రభుదాసు టర్బో ఇప్పి లోపల సూసిండు. ఆయిల్ మాడి మసైంది. మల్ల బట్టల సుట్టిండు.

"నా బిగింపుల్నే తప్పున్నది," అన్నడు.

సుమలత నోట్లె నువ్వుగింజ నానదని అందరు ఎక్కిరిస్తరు. తాను బంద్ జేసిన సంగతి మాత్రం బయటవెట్టలే. ఆయన చిన్న టర్బోనే మల్ల బిగిచ్చి ఇచ్చి, టికెట్టు తారీకుకు షార్జా పోయిండు.

రెండేండ్లాయె. సుమలత బండి నడుపుతున్నది. సిరిసిల్లల కరెంటుతోటి నడిచే సాంచాల మీద నేసిన గుడ్డ బేళ్ళు జగిత్యాలకు ఏసుకపోతది. దించేకాడ, ఎక్కిచ్చేకాడ, ఇంజన్ రెండు నిమిషాలు ఉత్తగ నడువనిస్తది. "ఏందక్కా, డీజిల్ నీకు బాయిల నీళ్ళా?" అని సాంచాలకాడ బేళ్ళెక్కిచ్చే ముత్యం నవ్వుతడు. "నీకెందుకురా తమ్మీ," అంటది. బండి గుర్రుమన్నంతసేపు, ఆయన ఇప్పుడే వాకిట్లకచ్చినట్టే ఉంటది ఆమెకు.

ప్రతి శుక్రవారం ఆలుమొగలు ఫోన్ల మాట్లాడుకుంటరు. వానలు, బండి టైర్లు, బాయికాడి మోటరు, అన్ని మాట్లాడుతరు. రమ్మని మాత్రం ఆమె ఒక్కనాడు అనలే. ఏ మొఖం వెట్టుకొని అంటది? నిలవడే మనిషిని తన చేత్తోనే ఎల్లగొట్టె.

మొన్నటి శుక్రవారం పగటియాల్ల, సిరిసిల్లల బేళ్ళెక్కిస్తుంటే ఫోనచ్చింది. సేటు పని కాయిదం మల్ల రాపిచ్చుకుంటున్నడని ప్రభుదాసు చెప్పిండు. సుమలతకు ఇగ ఆగలే.

"నీ చెయ్యి తప్పలేదయ్యా. నా చెయ్యే తప్పింది. గా దినం ఓదెలు పెట్టె అచ్చినప్పుడు నేనే బంద్ జేసిన," అని ఏడ్సింది.

ప్రభుదాసు నిమ్మలంగ అన్నడు.

"నాకెరుకే. అయ్యాల కల్లం ఎనుక నేను తువ్వాల తీసి నిలవడ్డ. బండ్లన్ని ఆగినయి, నా బండొక్కటే మొత్తుకుంటున్నది. సిగ్గుతోటి తలకాయ ఎత్తలేకపోయిన. బంద్ జెయ్యే సుమలతా, బంద్ జెయ్యే, అని లోపల్నే అనుకున్న. నువ్వు జేసినవు. టర్బో పాయెనేమో అనుకున్న. పోతే పోయింది."

"మరెందుకు జెప్పలే?"

"అడిగితే నువ్వు తప్పు జేసినట్టైతది. నువ్వు తప్పు జెయ్యలే. మరి నువ్వెందుకే రెండేండ్ల సంది ఒక్కపారన్న రమ్మనలే? అంటవేమో, అంటవేమో అని ప్రతి శుక్రవారం సూసిన."

"ఇప్పుడంటున్న గదా. రా అయ్యా. ఇంటికి రా."

"పొద్దుగాల్నే సంతకం వెట్టిన," అన్నడు. "ఇంకొక్క ఏడాది."

ఆమె బండి తలుపుకు ఒరిగి నిలవడ్డది. సాంచాల సప్పుడుల ఆమె ఏడ్పు ఎవ్వలకు ఇనవడలే. ముత్యం ఒక్కడు మొఖం సూసి, బేలు కిందవెట్టి పక్కకు జరిగిండు.

"సుమలతా, ఇను," అన్నడు ప్రభుదాసు. "టర్బోకు కొత్త బేరింగులు కొని వెట్టిన. అచ్చేటప్పుడు నేనే తెస్త. నువ్వు మేడిపల్లి బస్టాండు కాడికి బండి తీసుకరా."

"తెస్త."

"పెట్టెల అచ్చేటోళ్ళ కోసం బంద్ జేసుడు మన కట్టుబాటు. నేను నడుసుకుంట అస్త. నన్ను సూడంగనే బంద్ జేసేవు. జెయ్యకు."