కోడి వేగడానికి ఎన్ని చరణాలు

ఆ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ నిమిషంగారు అంటారు. ఎవరొచ్చి ఏమడిగినా ముందు "ఒక్క నిమిషం" అనడం ఆయన అలవాటు. ఆ నిమిషం ఒక్కోసారి గంట, ఒక్కోసారి పూట. ఒక పెద్దమనిషి చేతిగడియారం విషయంలో అయితే రెండేళ్ళు. "ఊరందరికీ టైము చెప్పే మనిషి, ఇంటికి మాత్రం టైముకి రాడు" అని భార్య నలభై ఏళ్ళు దెప్పుతూనే ఉంది.

ఇప్పుడు దెప్పడం లేదు. ఏప్రిల్లో ఒక పొద్దున పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పడిపోయింది. కాళ్ళు తేరుకున్నాయి, చేతికర్రతో నడుస్తుంది. కుడిచెయ్యి సగం తేరుకుంది. మాట మాత్రం పోయింది పోయినట్టే ఉంది. పెదవి ఒక పక్కకి జారింది. తినేటప్పుడు ఆ పక్కనుంచి కారుతుందని ఎవరి కంటా పడకుండా లోపలి గదిలో, గోడవైపు తిరిగి తింటుంది. ఆవిడ వంటింటి గడప తొక్కి ఎనిమిది నెలలైంది.

నిమిషంగారికి భయం పట్టుకుంది. క్రిస్మస్ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఒకే బల్ల దగ్గర కూచుని తినడం ఆ ఇంటి పద్ధతి. ఈ క్రిస్మస్‌కి కూడా ఆవిడ గోడవైపు తిరిగే తింటే ఇక అదే ఖాయమైపోతుందని, తన కళ్ళముందే ఆ గదిలోకి కొంచెం కొంచెంగా కరిగిపోతుందని ఆయన భయం. అందుకే నవంబరు చివర్లోనే పిల్లలిద్దర్నీ పిలిచి చెప్పేశాడు.

"ఈసారి వంట నాది. అమ్మ చేసిన కోడే చేస్తాను. ఆ వాసన తగిలితే మీ అమ్మే లేచి బల్ల దగ్గరికి వస్తుంది."

నర్సుగా పనిచేసే కూతురు, బస్సు నడిపే కొడుకు మొహాలు చూసుకున్నారు. చూసుకోరూ మరి? గుడ్డు ఉడకబెట్టమంటే నీళ్ళు పోయడం మరిచిపోయిన మనిషాయె.

అసలు చిక్కు అది కాదు. కోడికి వెన్న, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించాలని, చుట్టూ బంగాళాదుంపలు పేర్చాలని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంతసేపు వేగాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో గోడకి, బల్లమీద, మంచం కింద, ఎక్కడ చూసినా గడియారాలే. అన్నీ ఊళ్ళోవాళ్ళవే, అన్నీ రోగిష్టివే. వంటింట్లో మాత్రం ఒక్కటి కూడా లేదు, ఆవిడ పెట్టనివ్వలేదు. "మీ గడియారాల్లో ఏ రెండింటికీ పడదు. వాటిని నమ్ముకుంటే కూర మాడుతుంది" అనేది. ఆవిడ వంటంతా పాటల లెక్క. గుడ్లకి ఒక చరణం. కేకుకి రెండు పాటలు. క్రిస్మస్ కోడికి మాత్రం వేరే పాట ఉంది, చాంతాడంతది. చుక్కని చూసుకుంటూ రాత్రంతా నడిచే బాటసారుల పాట, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. కోడిని ఓవెన్లో పెట్టి తలుపు మూయగానే అందుకునేది.

ఆ పాట నిమిషంగారికి వచ్చు. కానీ క్రిస్మస్ నాడు వంటింట్లో ఎన్నిసార్లు పాడేదో ఆయనకెలా తెలుస్తుంది? చర్చి గోపురం మీది గడియారానికి కీ ఇచ్చే పని ఆయనది. పండుగనాడు గంట తప్పకూడదని పొద్దున్నే వెళ్ళేవాడు. దిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరో పలకరించేవారు, ఒక్క నిమిషం అనేవాడు. ఇల్లు చేరేసరికి ఒక ఏడు ఒంటిగంట, ఇంకో ఏడు మూడు. ఎప్పుడొచ్చినా కోడి అప్పుడే ఓవెన్లోంచి తీసినట్టు చిటపటలాడుతూ ఉండేది. "నా నోటికి ఆ అదృష్టం ఉందిలే" అని ఇన్నేళ్ళూ మురిసిపోయాడు.

రిపేరు చీటీ వెనక పెన్సిలుతో లెక్క మొదలుపెట్టాడు.

"పాట మొత్తం రెండుసార్లు నాన్నా. నేను పక్కనే బంగాళాదుంపలు చెక్కు తీసేదాన్ని కదా" అంది కూతురు.

"మూడుసార్లు. ఆకలితో కడుపు మాడుతుంటే లెక్కపెట్టుకునేవాణ్ణి. నీకేం తెలుసు" అన్నాడు కొడుకు.

భార్య చెల్లెలు బట్టలు కుడుతుంది, పై వీధిలోనే ఉంటుంది. ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసి పక్కన పెట్టి మరీ చెప్పింది. "మీ ఇద్దరిదీ తప్పే. ఒక్కసారి పాడేది, అంతే. కాకపోతే చివరికొచ్చేసరికి అక్కకి ఏమయ్యేదో, ఆ చివరి చరణమే తిప్పి తిప్పి పాడేది. మర్చిపోయేదేమో బావగారూ. ఒక ఏడాది నాలుగుసార్లు, ఒక ఏడాది పద్నాలుగు."

ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళు మూడే కాళ్ళన్నారు. నిమిషంగారు గడియారాల మనిషి గనక అన్నీ కూడి, సగటు తీశాడు. పాటకి సగటేమిటో, ఆ ఇంట్లోనే చెల్లింది. సగటు ప్రకారం ఒక ఆదివారం కోడి పెట్టి ఓవెన్ ముందు కుర్చీ వేసుకు కూచున్నాడు. గాజు తలుపు వెనక పసుపు వెలుగు, వెన్న చిటపటలు, పక్కగదిలో ముప్ఫై గడియారాల టిక్కుటిక్కు. పాడుతూ పాడుతూ కునుకు పట్టింది. కునుకులో గడియారాలన్నీ ఆవిడ గొంతుతో పాడుతున్నాయి, ఏ రెండూ ఒకే చరణంలో లేవు. పెద్దముల్లు చిన్నముల్లుని చెయ్యి పట్టుకుని మంచులో నడిపించుకు పోతోంది. ఎక్కడికని అడగబోతే మెలకువ వచ్చింది. వంటింటినిండా పొగ. కోడి బూటుతోలులా అయింది.

మరుసటి ఆదివారం మరదలి లెక్క పట్టుకుంటే ఎముక దగ్గర నెత్తురు కనిపించింది. రెండుసార్లూ లోపలి గదిలోంచి ఆవిడ రాలేదు. రెండోసారి తలుపు కూడా దగ్గరికి వేసుకుంది.

ఇక ఉండబట్టలేక వెళ్ళి మంచం పక్కన కూచున్నాడు. "నువ్వే చెప్పవోయ్. ఎన్ని చరణాలు?" అని ఒక వేలు చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండు చూపించాడు. కాదంది. పది వేళ్ళూ అయిపోయాయి, పదికీ కాదంది. ఆయన కాలివేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం గోడవైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి తెలియలేదు. చెప్పడం ఇష్టం లేదు కాబోలు అనుకుని లేచి వచ్చేశాడు. ఆ సాయంత్రం గడియారం బాగుచేస్తుంటే స్క్రూ కనపడలేదు, కళ్ళు అంతగా చెమ్మగిల్లాయి.

క్రిస్మస్ నాడు పొద్దుటినుంచీ మంచు. వీధి చివర ఇళ్ళు లేవు, చర్చి లేదు, గోపురం లేదు. కిటికీ తీస్తే మంచు లోపలికొచ్చి గడియారాల అద్దాల మీద కూచుంది. అందరూ చర్చికి వెళ్ళి వచ్చారు, ఆవిడ తప్ప. నిమిషంగారు గోడకి వేలాడే పెద్ద తాళంచెవి లాంటి కీ తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"గోపురానికి నువ్వెళ్ళు. ఇవాళ నేను ఇల్లు కదలను."

"ఇన్నేళ్ళకి పండుగపూట ఇంటిపట్టున ఉన్నారు బావగారు. అక్క అదృష్టం" అంది మరదలు.

కోడిని ఓవెన్లో పెట్టి తలుపు మూశాడు. పాట అందుకున్నాడు. ఆయన గొంతు వినలేక కూతురు కలిసింది, కూతురు శ్రుతి తప్పుతోందని మరదలు కలిసింది, వెళ్ళాల్సిన కొడుకు కూడా గుమ్మంలోనే నిలబడి అందుకున్నాడు. ఒకసారి అయింది. ఇక తీసేయమంది మరదలు. ఇంకోసారి అంది కూతురు. ఇంకో రెండు అన్నాడు కొడుకు. మంట తగ్గించాలా పెంచాలా అని ఇంకో తగువు. పండుగ కాస్తా సంతలా తయారైంది.

అప్పుడు చేతికర్ర చప్పుడు వినిపించింది.

ఆవిడ వంటింటి గడపలో నిలబడి ఉంది. పాత శాలువా, జారిన పెదవి, కళ్ళు మాత్రం మునుపటివే. ఆవిడ ఎవరినీ చూడలేదు. తిన్నగా కొడుకు దగ్గరికి వెళ్ళి చేతిలో కీ లాక్కుంది. తెచ్చి భర్త అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా మూసింది. కర్రతో వీధి తలుపు చూపించింది.

"నేను వెళ్ళాలా? నేనుంటే..." అన్నాడాయన.

ఆవిడ కర్ర కొసతో ఆయన బూట్లు ముందుకి తోసింది.

ఆయన మనసు చివుక్కుమంది. నెల రోజుల పాటు ఎవరికోసం ఇంత తాపత్రయపడ్డట్టు? బూట్లు వేసుకుని, కోటు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

గోపురం మెట్లు నూట పన్నెండు. పైన గడియారం వెనక చిన్న గది, నూనె వాసన, తన గుండె చప్పుడంత నిదానంగా కదిలే పెద్ద చక్రాలు. కీ ఇచ్చాడు. చిన్న కిటికీ తీసి కిందికి చూస్తే ఊరు లేదు. పాలగిన్నెలో మీగడ తేలినట్టు అక్కడక్కడా ఇంటికప్పులు తేలుతున్నాయి. వాటిలో ఏది తన ఇల్లో పోల్చుకోవాలని చాలాసేపు చూశాడు. కాలం అక్కడ ఆయన చేతుల్లో తిరుగుతోంది గానీ ఎటూ వెళ్ళడం లేదు. కిందికి దిగాక చర్చి కాపలాదారు పలకరించాడు, తర్వాత రొట్టెల దుకాణం ఆయన. అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూనే నిలబడ్డాడు. ఇంటికెళ్ళాలంటే భయంగా ఉంది. మాడిన కోడిని, మూసిన గది తలుపుని చూడాలి కదా.

మేడమీది తమ ఇంటి మెట్ల కిందికి వచ్చేసరికి రెండు దాటింది. మాడిన వాసన లేదు. పైనుంచి ఏదో చప్పుడు వస్తోంది. గరిటెతో బల్లమీద కొడుతున్నట్టు, టక్, టక్‌టక్, టక్. మామూలు చప్పుడు కాదది. చరణం. చుక్క ఆగిన చోట బాటసారులు తలుపు తట్టే చివరి చరణం. అయిపోయింది. మళ్ళీ అదే మొదలైంది. మళ్ళీ అదే.

ఆయన కదలలేదు. ఆరోసారి కూడా అదే చరణం వచ్చింది. ఎందుకో తెలియకుండానే ఒక మెట్టు ఎక్కాడు. పాతచెక్క కిర్రుమంది. గరిటె టక్కున ఆగింది. ఓవెన్ మంట పెంచే మర తిరిగిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే వెన్న చిటపటలు.

నిమిషంగారు ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. కోడిని సన్నమంట మీద కాపాడుకుంటూ, కారిన రసం మళ్ళీ దానిమీదే పోసుకుంటూ, ఆ చివరి చరణం దగ్గరే ఆగిపోయేదన్నమాట. నాలుగుసార్లు పాడిన ఏడు ఆయన తొందరగా వచ్చాడు. పద్నాలుగుసార్లు పాడిన ఏడు ఎవరితోనో కబుర్లు చెబుతూ నిలబడిపోయాడు. నోటి అదృష్టమట, నోటి అదృష్టం! ఒక్క పిలుపుకి కూడా పలకలేని ఆ మనిషి ఇవాళ కూడా పాడింది, గరిటెతో.

పైకి వెళ్ళేసరికి కోడి బల్లమీద ఉంది, బంగారురంగులో. ఆవిడ ఓవెన్ పక్కన స్టూలు మీద కూచుని ఉంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. లోపలి గదికి వెళ్ళిపోతుందేమోనని అందరూ బిక్కుబిక్కుమంటున్నారు.

కూతురు రిపేరు చీటీ, పెన్సిలు పట్టుకుని వచ్చింది. "నాన్నా, అమ్మని అడిగితే చెప్పడం లేదు. ఇప్పుడైనా సరిగ్గా రాసుకుంటాను. ఎన్ని చరణాలు?"

ఆయన భార్య వైపు చూశాడు. "నేనొచ్చేదాకా" అన్నాడు.

చీటీ మీద పెన్సిలు కదల్లేదు. మరదలు కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆవిడ లేచి, కర్ర గోడకి ఆనించి, ఆయన పక్క కుర్చీ లాక్కుని అందరికీ ఎదురుగా కూచుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే పెదవి చివరనుంచి వెన్న కారింది. ఆవిడ మొహం తిప్పుకోలేదు. ఆయన తుడవబోతే, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి తినడం మొదలుపెట్టింది.