నలభై ఒక్క శాతం అమ్మ

బుధవారం పొద్దున పదిన్నరకి నూకరత్నం సిద్ధాంత గ్రంథంలోని నలభై ఒక్క శాతం, స్టీలు క్యారేజీ పట్టుకుని, యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తుకి మెట్లెక్కి వస్తుంది. పోలికలు చూసే గదిలో గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని, చెప్పులు విడిచి, వాటిని కాలితో బెంచీ కిందికి నెడుతుంది.

అది నూకరత్నం తల్లి పోలమ్మ.

నూకరత్నం ఆశ్చర్యపోదు. గ్రంథంలో ఎంత భాగం ఇంకొకరిదో లెక్కగట్టే రిపోర్టులో అలాగే ఉంది. మొదటి పేజీలో ఎర్ర గడిలో నలభై తొమ్మిది అని వేసి, కింద వివరం ఇచ్చారు. ఎనిమిది శాతం అందరి గ్రంథాల్లోనూ ఉండేవే, అంటే ధ్రువపత్రాలు, కృతజ్ఞతలు, విషయసూచిక. మిగతా నలభై ఒకటికి మూలం గుడ్ల పోలమ్మ, ఉప్పుమడి గట్టు, పెదమడిపాలెం. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో 'బయల్దేరింది' అని కూడా ఉంది.

మొత్తం పదికి లోపు ఉండాలి. ఈ సాయంత్రం అయిదింటితో నూకరత్నం గడువు ఆఖరు. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించే దరఖాస్తు యూనివర్సిటీలో ఎవరూ అచ్చు వెయ్యలేదు. అయిదు దాటితే ఆరేళ్ల చదువు రద్దయిపోతుంది.

"ఏటే రత్నా, ఇంత సల్లగా ఉంది ఈ గది," అంటుంది పోలమ్మ ఏసీ వైపు చూస్తూ. "సేపలు దాస్తారేటి ఇక్కడ?"

"నెమ్మదిగా మాట్లాడమ్మా. లైబ్రరీ ఇది."

"మాటల మీద సదువు అన్నావు కదే. మాటాడితే తప్పేటి?"

పోలికలు చూసే యంత్రం ముందు దయామణి మేడమ్ కూర్చుంటుంది. పరిశోధక విద్యార్థులకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ల గురించి ఏటా జులైలో మూడు రోజుల వర్క్‌షాప్ నడిపేది ఆవిడే. ఆవిడ చెప్పినవన్నీ నూకరత్నం రూళ్ల పుస్తకంలో రాసుకుంది. రిఫరెన్సులు చేత్తో రాసుకోవద్దు, సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పండి. ఫైలుకి 'ఫైనల్' అని పేరు పెట్టొద్దు, తేదీ పెట్టండి. ఫైనల్ అని పెట్టినదాన్ని వెతుక్కుంటూ ఇంకో ఫైనల్ వస్తుంది. రాసిన ప్రతిదానికీ మూడు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి దూరంగా, వేరే ఊళ్లో ఉండాలి.

ఆఖరి మాటని నూకరత్నం తు.చ. తప్పకుండా పాటించింది. ఒక ప్రతి డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. మూడోది, దూరపు ప్రతి, అమ్మ దగ్గర. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఆ వారం రాసిందంతా చదివి వినిపించేది. పోలమ్మకి అక్షరం రాదు గానీ ఒకసారి విన్నది చెవి దాటి పోదు. మధ్యలో దిద్దేది కూడా. "అలాగనం కదే. నీళ్లు కన్ను తెరిసినాయి అంటాం," అనేది. నూకరత్నం అలాగే రాసుకునేది.

గ్రంథం పేరు 'ఉప్పుమడి కూలీల మాటలు: ఒక పరిశీలన'.

"మేడమ్, ఇవి మా అమ్మ మాటలే," అంటుంది నూకరత్నం. "వాటి మీదే కదా పరిశోధన. మరి ఆవిడతో పోలిక రాకుండా ఎలా ఉంటుంది?"

"యంత్రానికి అంత తెలీదమ్మా. ముందు ఎక్కడుంది, తర్వాత ఎక్కడుంది, ఇవి రెండే చూస్తుంది."

"ముందు అమ్మ దగ్గరే ఉన్నాయి."

"కాపీ అంటే అదే కదా మరి," అంటుంది దయామణి, జాలిగానే.

అయినా ఆవిడ దారి చూపిస్తుంది. మూలానికి సరైన వివరాలుంటే మాటల చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టొచ్చు, అప్పుడు యంత్రం వదిలేస్తుంది. రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫారం తెరుచుకుంటుంది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ప్రచురించిన వారు ఎవరు అని అడుగుతుంది.

"నన్ను బయటికి తీసింది గవరమ్మ మంత్రసాని," అంటుంది పోలమ్మ.

ఫారం ఒప్పుకుంటుంది. సంవత్సరం అడుగుతుంది.

"తుపానేడు పుట్టానని మాయమ్మ సెప్పీది."

"ఏ తుపానమ్మా?"

"పెద్దది."

అలాంటి సంవత్సరం లేదని ఫారం అంటుంది. నూకరత్నం అమ్మ ఆధార్ కార్డు చూసి, జనవరి ఒకటి, 1968 అని కొడుతుంది. తెర కాసేపు తెల్లబడుతుంది. పెదమడిపాలెంలో జనవరి ఒకటినే పుట్టిన ఆడవాళ్లు నూట పన్నెండు మంది ఉన్నారు, ఒకేలాంటి మూలాలు, అందర్నీ కలిపి ఒకరిని చెయ్యమంటారా అని అడుగుతుంది.

పోలమ్మ ఆలోచిస్తుంది. "నాకేటీ నేదు గానీ సీతాలు ఒప్పుకోదే. దానికీ నాకూ మాటల్నేవు."

నూకరత్నం వద్దు అని నొక్కుతుంది. ఫారం మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు.

"ఇంక ఒకటే దారి," అంటుంది దయామణి. "అన్నీ సొంత మాటల్లో తిరగరాయి."

పదకొండున్నరకి నూకరత్నం ఎనభై ఆరో పేజీ తెరుస్తుంది. నీళ్లు కన్ను తెరవడం గురించి రాసిన చోటు అది. ఎండకి మడిలో నీళ్లు బిగిసి, మీద మొదటి తెల్లపొర కట్టే క్షణం ఒకటుంటుంది. ముందు చూసిన వాళ్లు ఆ మాట గట్టిగా అనాలి. అనగానే మడిలో ఉన్న వాళ్లందరూ కాళ్లు పైకి తీసి గట్టెక్కి, నోరు మూసుకుని నిలబడతారు. చూసి కూడా అనకపోతే ఉప్పు కట్టదు. పోలమ్మ పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి.

నూకరత్నం ఆ మాట చెరిపి 'స్ఫటికీకరణ ప్రారంభ దశ' అని రాస్తుంది. ఎర్ర గడిలో అంకె మూడు తగ్గుతుంది.

బెంచీ మీద పోలమ్మ దయామణికి మడుల గురించి చెబుతూ ఉంటుంది. "మజ్జాన్నానికి ఎండ బాగా కాత్తాది కదమ్మా, అప్పుడు నీళ్లు..." అని ఆగిపోతుంది. "నీళ్లు... ఏటంటారే రత్నా దాన్ని?"

నూకరత్నం చెప్పబోతుంది. నోట్లో వెతుకుతుంది. అక్కడ లేదు. తెర మీద చూసి, "స్ఫటికీకరణ ప్రారంభ దశ," అంటుంది.

"అదే, అదే," అంటుంది పోలమ్మ, పలకలేక నవ్వుతూ. "ఎంత పెద్ద మాట రాసేవే!"

దయామణి కుర్చీ ఇటు తిప్పుతుంది. "మీ అమ్మగారి దగ్గరున్న ప్రతికి సింక్ పెట్టావా?"

"ఆదివారం ఆదివారం రెండూ ఒకేలా ఉండేటట్టు చూసుకున్నాను మేడమ్."

"అదే సింక్. దాచుకోవడం వేరు, సింక్ వేరు. దాచుకున్నది అలాగే ఉంటుంది. సింక్ పెడితే ఒకచోట తీసింది అన్నిచోట్లా పోతుంది. అమ్మగారి దగ్గరా, నీ దగ్గరా. మూడో రోజు మధ్యాహ్నం చెప్పాను కదా."

"ఆ పూట నేను రాలేదు. అమ్మకి ఫోన్ చేస్తున్నాను."

"అయ్యో," అంటుంది దయామణి.

"ఇప్పుడు ఆపెయ్యొచ్చా?"

"ఆపొచ్చు. పోయింది మాత్రం రాదు. శాతం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది."

నూకరత్నం మౌసు మీంచి చెయ్యి తీసేస్తుంది. ఆ చేతిని పోలమ్మ పట్టుకుని మళ్లీ మౌసు మీద పెడుతుంది. పోలమ్మ అరచెయ్యి గరుకు ఎప్పటిలాగే ఉంది. ఆ గరుకు నూట నలభయ్యో పేజీలో ఉంది.

"నాను మడిలో దిగింది నువ్వు దిగకూడదనే కదే. రాసెయ్. ఆ మాటలు నానేటి సేసుకుంటాను, బొట్టు పెట్టుకుంటానా?"

"అమ్మా, నువ్వు తక్కువైపోతున్నావు."

"ఒళ్లు తగ్గితే బస్సులో సీటు దొరుకుతాది. రాసెయ్."

నూకరత్నం రాస్తుంది. గాలుల పేర్లు తీసేస్తుంది. మబ్బు పట్టినప్పుడు నీళ్లని బతిమాలే మాటలు తీసేస్తుంది. మేస్త్రీని ముందు పొగిడి వెనక తిట్టే తిట్లు తీస్తుంటే, బెంచీ మీద పోలమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఎందుకు నవ్వుతోందో తెలియక మానేస్తుంది. పోలమ్మ ఎడమ భుజంలోంచి వెనకున్న గోడ సున్నం కనబడుతూ ఉంటుంది.

ఒక్కొక్కటే మారిస్తే సాయంత్రానికి అవదని దయామణి అంటుంది. వెతికి, అన్నీ ఒకేసారి మార్చే బటన్ చూపిస్తుంది. 'ఉప్పు' ఉన్నచోటల్లా 'సోడియం క్లోరైడ్' అని మార్చమంటే, పదమూడు వందల ఆరు చోట్ల మార్చాను అని కంప్యూటర్ చెబుతుంది.

ఒంటిగంటకి పోలమ్మ క్యారేజీ విప్పుతుంది. అన్నం, ఎండు నెత్తళ్ల పులుసు. ఇద్దరూ ఒకే గిన్నెలో తింటారు. పులుసు చప్పగా ఉంది. ఏం తక్కువైందో ఇద్దరికీ తెలుసు, ఎలా అడగాలో తెలీదు. పోలమ్మ క్యారేజీ ఆఖరి గిన్నె మూత తీసి చూస్తుంది, అందులో ఏమీ లేదు. దయామణి తన బల్ల సొరుగులోంచి పంచదార పొట్లం తెచ్చి ఇస్తుంది.

నాలుగింటికి గైడు సార్వభౌమరావు గారి సంతకం వస్తుంది. ఆయన వేరే ఊళ్లో మీటింగులో ఉన్నారు, అందుకని సంతకాన్ని పంపించారు. ఆకుపచ్చ సిరాతో పొడుగ్గా, చివర తోక తిరిగి ఉంటుంది. కుర్చీలో అడ్డంగా కూర్చుని తోక ఊపుతుంది.

"ఏమ్మా, ఎంతకొచ్చింది?"

"పద్నాలుగు సార్."

"మా రోజుల్లో ఈ యంత్రాలు లేవు. మా గైడు గారు మొహం చూసి చెప్పేసేవారు, ఏది ఎవరిదో. ఈవిడెవరు?"

"మూలం సార్."

"ఇంకా ఉందే!" అంటుంది సంతకం.

పోలమ్మ లేచి నమస్కారం పెట్టబోతుంది. చేతుల్ని మధ్యాహ్నం మూడున్నరకే తిరగరాయడం అయిపోయింది. తల వంచి ఊరుకుంటుంది.

నాలుగూ యాభైకి అంకె పది అవుతుంది. నూకరత్నం ఊపిరి వదులుతుంది.

"పదంటే పదికి లోపు కాదమ్మా," అంటుంది సంతకం.

బెంచీ మీద ఇంక రెండే మిగిలాయి. ఒకటి, మడి నీళ్లకి పగిలి, పగుళ్లలో తెల్లగా ఉండిపోయిన రెండు కాళ్లు. రెండోది ఒక పిలుపు. చెరొక శాతం. కాళ్లు తొమ్మిదో పేజీలో ఉన్నాయి. పిలుపు అట్ట మీద ఉంది, ఎందుకంటే నూకరత్నం పేరు లోకంలో ముందు పలికింది పోలమ్మే.

"అమ్మా, ఏది తియ్యను?"

"రత్నా," అంటుంది పిలుపు. దానికి ఇంకేమీ రాదు.

"కాళ్లు తీసేస్తే అయిదున్నర బస్సు ఎలా అందుకుంటావు?"

"రత్నా."

"నువ్వే చెప్పు. నాకు తెలీడం లేదు."

"రత్నా," అంటుంది, జ్వరమొచ్చినప్పుడు నుదురు మీద చెయ్యి వేసి అన్నట్టు.

గోడ గడియారంలో నాలుగూ యాభై ఎనిమిది. దయామణి కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. అమ్మ ఇంటికి చేరాలి కదా అనుకుని నూకరత్నం అట్ట తెరిచి, తన పేరు మీద మౌసు పెట్టి, నొక్కుతుంది.

తొమ్మిది. గడి ఆకుపచ్చగా మారుతుంది.

గదిలో ఏసీ చప్పుడు ఒకటే ఉంది. ఆమె ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తుంది.

"అట్ట మీద పేరు లేదు సార్," అంటుంది కాసేపటికి.

"పర్వాలేదు, రిజిస్ట్రేషన్ నంబరుంది," అని సంతకం కుర్చీ దిగి, ధ్రువపత్రంలో తన చోటుకి పోయి పడుకుంటుంది.

ప్రింటర్‌లోంచి అయిదు ప్రతులు వస్తాయి, బైండు అయ్యే వస్తాయి, నీలం రెగ్జిన్ అట్టలతో, ఇంకా వేడిగా. దయామణి వాటిని పొడుగాటి బల్ల మీద వరసగా తెరిచి పెడుతుంది, తడి ఆరాలి అంటుంది. నిజంగానే తడి ఉంది. పేజీల మధ్యనుంచి నీళ్లు ఊరి, అంచుల దాకా నిండి, అక్కడ ఆగుతాయి. అట్టలు గట్లలాగా నీటిని పట్టి ఉంచుతాయి. అక్షరాలు అడుక్కి దిగిపోతాయి.

బెంచీ మీది కాళ్లు కిందికి దిగుతాయి. బస్సు వైపు వెళ్లవు. బల్ల ఎక్కి, మొదటి పుస్తకంలో అడుగు పెట్టి, నీళ్లని నెమ్మదిగా కలియదొక్కుతూ రెండో పుస్తకంలోకి, మూడో దాంట్లోకి నడుస్తాయి. రోజూ చేసే పనిలాగే చేస్తాయి.

పడమటి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంది. నీళ్లు కదలడం మానేస్తాయి. అయిదు పుస్తకాల్లోనూ, సరిగ్గా మధ్యలో, సన్నటి తెల్లగీత ఒకటి కనబడుతుంది.

ముందు చూసింది ఆమే. ఇప్పుడు గట్టిగా అనాల్సింది ఒకటుందని ఆమెకి తెలుసు. ఆ మాట అంటే ఆ కాళ్లు ఆగి, గట్టెక్కి నిలబడతాయి. అది ఎంత పొడుగుంటుందో, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా గుర్తుంది. "స్ఫటికీకరణ ప్రారంభ దశ," అంటుంది. కాళ్లు వినవు, నడుస్తూనే ఉంటాయి. నడిచిన కొద్దీ మడమల దగ్గర కరుగుతూ ఉంటాయి.

తెల్లగీత వెడల్పవుతుంది. పైరెప్ప పైకి, కిందిరెప్ప కిందికి. అయిదు పుస్తకాల్లోంచి అయిదు కళ్లు పూర్తిగా తెరుచుకుని ఆమె వైపు తిరుగుతాయి. రెప్ప వెయ్యవు. ఆమె అనేదాకా చూస్తూ ఉంటాయి.

ఆమె నోరు తెరుస్తుంది. నాలుక మీద తెల్లటి, గట్టి గింజ ఒకటి ఉంది. అది కరగదు.