అంచు అరగదీసేవాళ్ళు

అంజి కంట్లోంచి కారుతున్నది నెత్తురని మేనేజరు వేణుగోపాలరావుకి కనబడుతూనే ఉంది. అయినా అందరూ ముదీర్ అని పిలిచే ఆయన నోట వచ్చిన మాట, "నీళ్ళతో కడుక్కుని కూర్చోవయ్యా. యల్లా, అందరూ పని చూడండి" అని.

దుబాయ్ పక్కన సజ్జాలో అదొక రేకుల షెడ్డు.

అక్కడి పని ఇదీ. దుబాయ్‌లో పెట్టబోయే ఒక ప్రదర్శన కోసం, వెనకటి మెక్సికో జనం వాడిన బ్లేడ్ల లాంటివి చెయ్యాలి. అగ్నిపర్వతాల దగ్గర దొరికే నల్లగాజు రాయితో చెయ్యాలి. లచ్చన్న రాయిని చెక్కి దిమ్మ చేస్తాడు. అంజీ, సైఫూ దాని పై అంచును గరుకురాయితో అరగదీస్తారు. అప్పుడు ఉస్తాద్ నేలమీద కూర్చుని, దిమ్మను పాదాల మధ్య బిగించి, మొన ఉన్న కర్రతో ఒంటి బరువంతా వేసి నొక్కితే ఉల్లిపొరలా బ్లేడు ఊడివస్తుంది. ప్రతి బ్లేడుకీ అంచు మళ్ళీ అరగదీయాల్సిందే, లేకపోతే కర్ర జారి దిమ్మ పాడవుతుంది. అరగదీసేవాళ్ళ మొహాల మీదికే పెంకులు లేస్తాయి. కళ్ళజోడు మాత్రం షెడ్డు మొత్తానికీ ఒక్కటే. అది ఉస్తాద్‌ది. ఏసీ ఉన్న అద్దాల గదీ ఆయనదే.

పని నేర్పడానికి వచ్చిన విజయవాడ అమ్మాయి శ్రీసుధ వాళ్ళకి వీడియోలు చూపించి ఆ కాలం సంగతులు చెప్పింది. అక్కడ ఇనుప పనిముట్లు లేవు, బండ్లు లేవు, ఎద్దులు లేవు. మనుషులే ఆ రాళ్ళను వీపున మోసి కొండలు దాటించేవారు. సంతలో కొనేవాళ్ళ కళ్ళెదుటే బ్లేడు తీసి ఇచ్చేవారు.

"మోసినోల్ల పేర్లేమన్న మిగిలినయా మేడం?" అని అంజి అడిగాడు.

లేవందామె.

"గట్లయితే మనోల్లే" అని అంజి నవ్వాడు. ఆ అంజి ఇప్పుడు గోడకి జారగిలబడి, తడి తువ్వాలు కంటికి అదుముకుని కూర్చున్నాడు.

లచ్చన్నది జగిత్యాల దగ్గర వడ్రంగం చేసే వడ్లవాళ్ళ ఇల్లు. కర్రను పాదాలతో పట్టుకుని చెక్కడం చిన్ననాటి నుంచీ వచ్చిన విద్య. ఉస్తాద్ గది తనదేనని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. ముదీర్ తీసుకెళ్ళి మదనపల్లె హయాత్ బాషాను అందులో ఉస్తాద్‌గా కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచి లచ్చన్న కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాడు. అద్దం అవతల బాషా బ్లేడు తీస్తుంటే ఇవతల దిమ్మ చెక్కుతూ, "పాదాలు సూడు, బాతు లెక్క" అని గొణిగేవాడు. మెస్సులో ఆయన కూర్చున్న బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు. బాషా పని బాగుంటుంది. కడుపు మండేది అందుకే.

ఆ బాషా గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి ముదీర్ కాళ్ళ ముందు పెట్టాడు.

"అంజిని దవాఖానాకి తీసకపోండి సార్. అందరికీ కళ్ళద్దాలు ఇయ్యండి. అంతవరకూ నేను బ్లేడు తీసేది లేదు."

"దవాఖానాలో పనిచోట తగిలిన దెబ్బని రాస్తారయ్యా. కంపెనీ ఇరుక్కుంటుంది. రేపు టికెట్ తీస్తా, ఊళ్ళో చూపించుకుంటాడు."

"తబ్ తక్ ఆంఖ్ చలీ జాయేగీ సాబ్!" అని సైఫ్ అరిచాడు.

వేణుగోపాలరావు తెలివైనవాడు. కన్ను పోతుందన్న మాట విననట్టే లచ్చన్న వైపు తిరిగాడు. "ఏం లచ్చన్నా, ఉస్తాద్ గది ఖాళీగా ఉంది."

అంజి మీద జాలి లచ్చన్నకి లేకపోలేదు. కానీ ముందు వచ్చింది సంతోషమే. లోపలికి వెళ్ళాడు. అంజి పొద్దున అరగదీసి పెట్టిన దిమ్మను పాదాల మధ్య బిగించి నొక్కాడు. నిగనిగలాడే బ్లేడు ఊడింది. బాషా ఎప్పుడూ తీయనంత పొడుగు. దాన్ని అద్దానికి ఆనించి అందరికీ చూపించాడు.

"శానా బాగా తీసినావన్నా!" అని బాషా బయటినుంచి అన్నాడు. మనసారా అన్నాడు.

లచ్చన్నకి ఒళ్ళు మండింది. వీడికి కుళ్ళు కూడా లేదా? అందులోనూ నాకంటే పెద్దమనిషేనా?

రెండో బ్లేడు కోసం దిమ్మను బయటికి జరిపాడు. ఎవరూ అందుకోలేదు. ముదీర్ కేకలేశాడు. సైఫ్ చేతులు కట్టుకుని, "నహీ ఘిసేంగే" అన్నాడు, అరగదీయం అని. పక్కవాడూ చేతులు కట్టుకున్నాడు, ఆ పక్కవాడూ.

"నువ్వే అరగదీసుకో లచ్చన్నా, పోయేదేముంది!" అన్నాడు ముదీర్.

లచ్చన్న గరుకురాయి అందుకున్నాడు. గోడ దగ్గర నుంచి అంజి మిగిలిన కంటితో తననే చూస్తున్నాడు. ఆ పొడుగు బ్లేడు తనొక్కడిదే కాదని, అంజి అరగదీసిన అంచు మీద నుంచే వచ్చిందని అప్పుడు తోచింది. సిగ్గేసింది. రాయి కింద పెట్టి బయటికి వచ్చేశాడు.

ముదీర్ అప్పటికే గేటు దగ్గరికి వ్యాను పిలిపించాడు. "ఎవడు మొదలెట్టాడో ఒక్కడి పేరు చెప్పండి. వాణ్ణి ఇంటికి పంపేస్తా. మిగతావాళ్ళు కూర్చోండి, ఖలాస్."

"నేనే సార్" అని బాషా చెయ్యెత్తాడు.

షెడ్డంతా బాషానే చూసింది. లచ్చన్న ఓర్చుకోలేకపోయాడు. ఉస్తాద్‌గిరీ వానికే, ఈ పేరు కూడా వానికేనా?

"ఆడు గాదు సార్! బందు వెట్టింది నేను!"

"నువ్వు లోపల బ్లేడు తీస్తా ఉంటివి గదన్నా?" అన్నాడు బాషా.

"తీసిన. నీకన్న పొడుగు తీసిన. ఇగ తియ్య. బందు నాది!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే సైఫ్ లేచాడు. "మైనే కియా సాబ్." వెనకనుంచి ఇంకొకడు, "నేను." మరొకడు, "నేనే సార్." అంజి గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నేనే వెట్టిన. కన్ను నాదే గద."

"పోలీసుల్ని పిలుస్తా!" అని ముదీర్ ఫోన్ తీశాడు.

"పిలువు సార్. దెబ్బ యాడ తాకిందని ఆల్లే అడుగుతరు" అన్నాడు లచ్చన్న.

ముదీర్ ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అంజిని ముందు ఎక్కించి, పట్టినంతమంది వ్యానులో కూరుకున్నారు. పట్టనివాళ్ళు దాని ముందు నిలబడ్డారు. డ్రైవర్ బెదిరిపోయి, "కిధర్?" అన్నాడు.

"దవాఖాన!"

అంజి కన్ను దక్కింది. లచ్చన్ననూ బాషానూ ఒకే విమానంలో ఇంటికి పంపేశారు. సజ్జా షెడ్డులో ఇప్పుడు అద్దాలు లేకుండా ఎవరూ రాయి ముట్టరు. అల్ వర్సాన్‌లో వేరే గోదాము వాళ్ళు అద్దాల కోసం చేతులు కట్టుకున్నారని మొన్న సైఫ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట విన్న వెంటనే లచ్చన్న మదనపల్లెకి ఫోన్ కలిపాడు.

"ఇన్నవా బాషా? ఆల్లకు నేర్పింది నేనే."

"లేదన్నా, నేను" అన్నాడు బాషా.