చేట తిరిగే వీధి

ఆదివారం మధ్యాహ్నం కోకిల వేలూరు బస్సు దిగి, గుడియాత్తం బజారులోని అత్తగారి కిరాణా అంగడికి వచ్చేసరికి, రంగనాయకమ్మ గల్లాపెట్టె పక్కన కూర్చుని బీడీలకు దారం కడుతోంది.

"అత్తా! మీరు బీడీలు చుడతా ఉండారా?"

"చుట్టేది నాకు యాడ వచ్చు? చిన్నపొన్ను చుడతాది, నేను దారం కడతాను. అరవకుండా లోపలికి రా మే."

వెనక వీధిలో ఉండే చిన్నపొన్ను ఒళ్లో చేట పెట్టుకుని, తల ఎత్తకుండానే నవ్వింది. ఆమె వేళ్లు మాత్రం ఆగలేదు.

కోకిల ఆ రోజు మంచి హుషారులో ఉంది. వేలూరులోని ఒక పరిశోధన సంస్థలో ఆమె ఉద్యోగం. జబ్బు చేస్తే ఇంటికి ఎంత నష్టం, ఎన్ని పనిదినాలు పోతాయి అన్నది ఆమె విషయం. ఆరేళ్లలో పదకొండు వ్యాసాలు అచ్చయ్యాయి. అన్నిట్లోనూ ఆమె పేరు మధ్యలో ఎక్కడో, పెళ్లి ఫొటోలో రెండో వరస చుట్టంలా ఉంటుంది. పన్నెండోదానికి మాత్రం మొదటి పేరు ఆమెదే. మద్రాసులో ప్రొఫెసర్ నాగరాజన్, లండన్‌లో మరో ఇద్దరు, కలిసి రాసినవాళ్లు అందరూ సరేనన్నారు. రేపు పత్రికకు పంపాలి. అది వెళితేనే జూన్‌లో పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

వ్యాసం ఈ వీధుల గురించే. మూడు వందల పన్నెండు ఇళ్లలో అడిగితే, ఏడాదిలో జబ్బు వల్ల బీడీ పని ఆగిన రోజులు ఇంచుమించు సున్నా. బీడీ కంపెనీ ఏజెంట్ల రిజిస్టర్లూ అదే చెప్పాయి. రెండు లెక్కలూ అంత చక్కగా కలిసినందుకు లండన్ వాళ్లు మురిసిపోయారు. ఇంటిపట్టున చేసే పని కనుక జబ్బులోనూ సాగిపోతుందని కోకిల ముగింపు రాసింది.

"ఇంతకీ ఎవరివి ఈ బీడీలు?"

"వెనక వీధి దేవకివి," అంది రంగనాయకమ్మ. "టైఫాయిడు. పన్నెండు దినాలుగా మంచం మీదే ఉండాది, పాపం."

"మరి మీరెందుకు..."

"దేవకి చేట ఇల్లిల్లూ తిరగతా ఉండాది గదమ్మా," అంది చిన్నపొన్ను. "ఇరవై ఇండ్లు, ఇంటికి రెండు కట్టలు, కట్టకు ఇరవై అయిదు. సాయంత్రానికి వెయ్యి బీడీలు. వరసగా నాలుగు దినాలు ఇయ్యకుంటే ఏజెంటు కార్డులో పేరు కొట్టేస్తాడు. రేపు నేను పడుకుంటే దేవకి చుడతాది."

కోకిల సంచి కింద పెట్టింది.

"అక్కా, పోయిన ఏడాది మీ ఇంటికి నేనే వచ్చినాను. జబ్బు చేసి పని ఎన్ని దినాలు ఆగిందంటే, ఒక్క దినం కూడా లేదంటివే?"

"అవును, యాడ ఆగింది? గర్భసంచి ఆపరేషనై నలభై దినాలు పడుకున్నా. పని ఆగలేదే."

"అది చెప్పలేదే!"

"నువ్వు అడగలేదే! ఓట్లకు వచ్చినోళ్లయినా కాసేపు కూర్చుంటారు. నువ్వు నిలబడే రాసుకుని పోయినావు. గవర్మెంటు టీవీ వచ్చినాదా, రేషన్ కార్డు ఉండాదా, పని ఆగినాదా, అంతే, అయిపాయె!"

రంగనాయకమ్మ నవ్విన నవ్వుకు చేతిలో దారం తెగింది.

కోకిలకు నవ్వు రాలేదు. రెండు లెక్కలూ ఎందుకు కలిశాయో ఇప్పుడు తెలిసింది. పడుకున్నవాళ్ల పేరున పక్కిళ్లవాళ్లు బీడీలు ఇస్తున్నారు. ఆ ముగింపు అచ్చయితే, వీళ్లకు జబ్బు భత్యం అక్కర్లేదనడానికి ఎవరైనా దాన్నే చూపిస్తారు. వీధిలోకి వెళ్లి, పార్టీ ఆటో మైకు దూరమయ్యేదాకా ఆగి, నాగరాజన్‌కు ఫోన్ చేసింది.

అంతా విని ఆయన నిట్టూర్చాడు. "నేను తిరుపత్తూరువాణ్ణి, అదీ బీడీలు చుట్టే ఊరే. నాకూ తెలియలేదు చూడు. మళ్లీ ఇళ్లన్నీ తిరగాలంటే?"

"ఆరు నెలలు సార్."

"జూన్ ఇంటర్వ్యూ?"

"ఈసారికి లేదు సార్."

"సరే. లండన్‌కు నువ్వే రాయి. మొదటి పేరు నీది గదా, తిట్లు కూడా మొదట నీకే."

బజారులోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని నాలుగు వాక్యాలు రాసింది. ఆ నాలుగింటికీ గంట పట్టింది. తిరిగి వచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుని నేలమీద కూర్చుంది.

"చెప్పక్కా. పోయిన ఏడాది ఎవరెవరి చేటకు కట్టలు వేసినావు?"

"అబ్బో! అమ్మా, కాఫీ పెట్టండి, ఇది పెద్ద కత." చిన్నపొన్ను వేళ్లు మడిచింది. "మన వేలు వాళ్లమ్మకు కన్ను ఆపరేషను. కాశి పెండ్లాం కాన్పు. మీ అత్తకు కాలు..."

"మా అత్తకా?"

"ఆడి నెలలో మెట్టు మీంచి పడినాది గదా! అంగడి మేమే వంతులేసుకుని చూసినాం. ఒక్క దినం మూయలేదు."

జూలై నడిమి నుంచి ఆ నెలంతా కోకిల ప్రతి ఆదివారం ఫోన్ చేస్తూనే ఉంది. ఆమె అత్తగారి వైపు తిరిగింది. "నాకు ఒక్క మాట చెప్పలేదే!"

"అంగడి ఎట్లుండాది అని అడిగితివి. బాగుండాది అంటిని," అంది రంగనాయకమ్మ, కాఫీకి లేస్తూ. "ఇరవై మూడు దినాలు. రాసుకో మే."