భయానికో ముక్క

ఆ దర్జీ దుకాణంలో పెద్ద కత్తెరను ముట్టుకునే హక్కు ఒక్క మాస్టారికే ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య తెలియక దాంతో ఒక అట్టపెట్టె కోసింది. పదును పోయిందని ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాక, మాట్లాడకుండా ఉన్నదే నయమనిపించింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా ఆయన కోస్తారు, ఆవిడ కుడుతుంది. ఆవిడ కుట్టు గీత గీసినట్టు ఉంటుందని వీధంతా మెచ్చుకునేది. మాస్టారు మాత్రం, "కోత కుదిరితే కుట్టు అదే కుదురుతుంది," అనేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. మనసు మంచిదే కానీ, అది బయటపడకుండా చాలా జాగ్రత్తపడేవారు.

అలాంటి మనిషి పై అరలోంచి గుడ్డల మూట దించబోయి స్టూలు మీంచి జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో పిండికట్టు వేసి, ఆరు వారాలు చెయ్యి కదపొద్దన్నారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వీళ్ళకు కొండలెక్కడివి? ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, అంతే. మొదటి వారం చిరుగులు, జిప్పులు, గుండీలతో ఎలాగో గడిచింది. కొత్త బట్ట తెచ్చినవాళ్ళు మాత్రం మాస్టారి కట్టు చూసి, "తగ్గాక వస్తాంలెండి," అంటూ గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతున్నారు. రెండు వీధుల అవతల మరో దుకాణం తెరిచారు. ఒకసారి అటు అలవాటైన కాళ్ళు మళ్ళీ ఇటు తిరుగుతాయన్న నమ్మకం లేదు.

"నువ్వే కొయ్యొచ్చు కదా," అన్నారు మాస్టారు ఒకరోజు, గోడవైపు చూస్తూ. ఆ మాట నోటిదాకా తేవడానికి ఆయన ఎంత అవస్థ పడ్డారో ఆవిడకు తెలుసు.

"నాకు రాదండీ."

"ఇన్నేళ్ళు చూశావుగా."

"చూడ్డం వేరు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే ఏం చేస్తాం?"



మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. తెల్ల యూనిఫాంలో ఉన్న ఒక పెద్దావిడ తడుస్తూ వచ్చి దుకాణంలో తలదాచుకుంది. కొంగుతో మొహం తుడుచుకునే వీలు లేని యూనిఫాం కాబట్టి మాస్టారి భార్యే ఒక గుడ్డముక్క అందించింది. తుడుచుకుని తలెత్తిన పెద్దావిడ మాస్టారిని చూసి ఆగిపోయింది.

"ఓహో, మీరా. నేను కట్టు వేస్తుంటే మూడు వార్డుల్ని నిద్రలేపింది మీరే కదూ?"

మాస్టారు వాన ఎంత పడుతోందో శ్రద్ధగా చూడసాగారు. భార్యకు నవ్వాగలేదు. దెబ్బ తగిలిన రోజునుంచి ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

వాన తగ్గేదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మాటల్లో నర్సమ్మ తన సంగతి చెప్పింది. పది రోజుల్లో రిటైరవుతోంది. ముప్ఫై ఆరేళ్ళు తెల్లబట్ట తప్ప వేరేది వేసుకుని ఆ ఆసుపత్రి గుమ్మం దాటలేదు. ఆఖరి రోజున మాత్రం రంగు గౌను వేసుకుని వెళ్ళాలని కోరిక.

"నువ్వు కుట్టిపెట్టమ్మా," అంది.

"ఆయన చెయ్యి..."

"ఆయన చెయ్యి సంగతి నాకు తెలుసులే. నీ చేతులకేమయింది?"

"నేనెప్పుడూ కొయ్యలేదండీ. గుడ్డ పాడైపోతే?"

"పాడైతే అప్పుడు చూద్దాం," అంది నర్సమ్మ, టీ చల్లారితే వేడి చేసుకుందాం అన్నంత తేలిగ్గా. చేత్తో కాదు, మాటతో నెట్టి నీళ్ళలో దింపే మనుషులు కొందరుంటారు.

మర్నాడు గుడ్డ తెచ్చి ఇచ్చింది. ముదురు నీలం మీద చిన్న చిన్న తెల్ల పువ్వులు. ఆవిడ కొలతలు తీసుకుంది. మాస్టారు కుర్చీలోంచి చెబుతుంటే కాగితం మీద నమూనాలు గీసి కోసింది. కాగితం కోయడానికి భయం లేదు. గుడ్డ దగ్గరికొచ్చేసరికి చేతులు చల్లబడిపోయాయి. రెండు రోజులు ఆ గుడ్డను ఇస్త్రీ చేయడంతోనే సరిపెట్టింది. ఇక ముడత అన్నది దానికి తెలియదు.

మూడో రోజు మాస్టారు ఎక్స్‌రే కోసం ఆసుపత్రికి వెళ్ళారు. ఎవరూ చూడకపోతేనే నయమనుకుని ఆవిడ పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుంది. మొదటి కోత కోసింది. సుద్ద గీత వెంబడే కత్తెర సాగిపోయింది. ముందు భాగం వచ్చింది, వెనక భాగం వచ్చింది. ఇంత హాయిగా ఉండే పనిని ఇన్నేళ్ళూ ఈయన ఒక్కరే దాచుకున్నారన్నమాట, అనుకుంది. ఆ ఉత్సాహంలోనే గౌను చేతులూ కోసేసింది.

మిషను మీద పెట్టాక తెలిసింది. చేతి ముక్కకు ముందువైపు చంక దగ్గర లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. ఒక చెయ్యి కోశాక రెండో చేతికి కాగితం తిరగేసి పెట్టాలి. ఆవిడ తిరగేయలేదు. రెండూ కుడిచేతులే వచ్చాయి. ఒకవైపే అచ్చు ఉన్న గుడ్డ, తిప్పి వేయడానికీ లేదు. మిగిలిన పీలికల్లో చెయ్యి కాదుకదా, జేబు కూడా రాదు.

మాస్టారు వచ్చేసరికి ఆ రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. ఆయన చూశారు, అర్థమైంది. తిడతారనుకుంది. తిట్టలేదు.

"చేతుల్లేకుండా కుట్టేద్దాం. ఇప్పుడిదే ఫ్యాషనని చెప్పు."

"ఆవిడ చేతుల గౌను అడిగారండీ."

"ఆవిడకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా," అంది.

ఆ సాయంత్రమే ముక్కలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. నర్సమ్మ డ్యూటీ దిగుతూ వరండాలో ఎదురయ్యేసరికి ఒక్క మాటా గుర్తులేదు. సంచిలోంచి రెండు చేతులూ తీసి చూపించింది.

"రెండూ కుడివే కోశానండీ. నా తప్పే. ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నేనే కొనుక్కొస్తాను."

నర్సమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "రెండు కుడిచేతులా? ముప్ఫై ఆరేళ్ళుగా ఈ వార్డులో నాకు కావలసింది అదే కదమ్మా," అని పగలబడి నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి తన బీరువాలోంచి ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. విప్పితే అదే నీలం, అవే తెల్ల పువ్వులు. గౌనుకు సరిపడా పూర్తి ముక్క.

"నీ దుకాణంలోంచి బయటికొచ్చాక కొన్నాను, రెండు ముక్కలు. ఒకటి గౌనుకి, ఒకటి నీ భయానికి."



నర్సమ్మ బెంచీమీద కూర్చుని, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంది. "నా మొదటి ఇంజక్షన్ సంగతి చెబుతాను విను. ఒక ముసలాయన. నరం దొరకలేదు. ఒకసారి పొడిచాను, రెండుసార్లు పొడిచాను. ఏడుపొచ్చేసింది. ఇంకెవరినైనా పిలుస్తానన్నాను. ఆయన రెండో చెయ్యి చాపి, 'ఇదుందిగా తల్లీ. ఇద్దరమూ తొందరపడొద్దు,' అన్నాడు. ఆయన పేరైనా గుర్తులేదు. ఆ రెండో చెయ్యి లేకపోతే మర్నాడే ఉద్యోగం మానేసేదాన్ని."

తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఆ పొట్లాన్ని సంచిలో పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకునే నడిచింది. కళ్ళు నిండుతుంటే దారి సరిగా కనబడలేదు, అయినా ఎక్కడా తడబడలేదు. తన తప్పును ముందే లెక్కలో వేసుకుని కూడా తనను నమ్మిన మనిషి తాను పుట్టాక ఈ నర్సమ్మ ఒక్కతే అనిపించింది.

కొత్త ముక్కలోంచి ఒక్క ఎడమచెయ్యి మాత్రం కోసింది, కాగితం నాలుగుసార్లు చూసుకుని. గౌను కుదిరింది. రిటైరైన రోజు సాయంత్రం నర్సమ్మ దాన్ని వేసుకుని పూలగుత్తితో దుకాణానికే వచ్చి, గుమ్మంలో ఒకసారి గిర్రున తిరిగి చూపించింది. మిగిలిన గుడ్డ ఇవ్వబోతే, "అది నీ వాటా," అని పుచ్చుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన బట్టలన్నీ ఆవిడే కోసింది. ఆరు వారాలకు మాస్టారి కట్టు విప్పారు. మణికట్టు సన్నబడింది, బొటనవేలు పూర్తిగా వంగడం లేదు. వ్యాయామం చేస్తే వస్తుందన్నారు. ఆయన రోజూ కత్తెర తుడిచి, నూనె వేసి, మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఎవరైనా బట్ట తెస్తే, "నువ్వు కోస్తున్నావుగా, కానీ," అనేవారు. పది రోజులు చూసింది ఆవిడ. అది అలకేమో అనుకుంది మొదట. కాదు. ఆ చల్లబడిన చేతులు ఆవిడకు బాగా తెలిసినవే.

పదకొండో రోజు పొద్దున్నే నీలం గుడ్డ తెచ్చి బల్లమీద పరిచింది. పక్కన ఆ పనికిరాని కుడిచెయ్యి పెట్టింది.

"ఏమిటిది?"

"నాకో గౌను. ఒక చెయ్యి ఉండనే ఉంది. మిగతాది మీరు కొయ్యాలి."

"నీకా?"

"ఇరవై రెండేళ్ళలో వీధిలో అందరికీ కోశారు, నాకొక్కదానికే కొయ్యలేదు."

ఆయన టేపు అందుకున్నారు. అందరి కొలతలూ నోటికొచ్చిన మనిషికి భార్య కొలతలు తెలియవు. భుజం కొలిచి, నడుము కొలిచి, పొడవు దగ్గర ఆగిపోయారు. "పాడైపోతే?" అన్నారు, గోడవైపు చూస్తూ.

ఆవిడ అరలోంచి ఇంకో పొట్లం తీసి బల్ల చివర పెట్టింది. అదే నీలం కాదు, అంగడిలో అది అయిపోయిందట. ఆకుపచ్చ.

"అది గౌనుకి. ఇది మీ భయానికి."

ఆయన ఆ ఆకుపచ్చ పొట్లాన్ని దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, "నా మొదటి చొక్కాకి రెండూ ఎడమచేతులే," అన్నారు మెల్లగా. "మా గురువు చూడకముందే పొయ్యిలో పెట్టేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పలేదే."

"నీకు చెబితే నన్నింక మాస్టారంటావా?"

కత్తెర పట్టుకున్నారు. మొదటి కోత కాస్త వంకర పోయింది.

"కుట్టులోకి పోతుందిలెండి," అంది ఆవిడ.

రెండో కోత తిన్నగా సాగింది. కత్తెర చప్పుడు వింటూ ఆవిడ మిషను ముందు కూర్చుంది. ఎవరో తెలియని, పేరైనా మిగలని ఆ ముసలాయన ఎప్పుడో చాపిన రెండో చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కించింది.