సీటు బెల్టు చివరి మూర

నేను ఒక ఎనిమిది సీట్ల వ్యాన్‌ని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నా గురించి అబద్ధాలు చెప్పేవాళ్లకు మాత్రం ఏనాడూ కొదవ లేదు. ఒకచోట నిలబడి ఉండడమంటే నాకు ఒళ్లు మంట. కదలకపోతే టైర్లు ఒక పక్కకే అణిగిపోతాయి, బ్యాటరీ నీరసిస్తుంది, ఉన్న కాస్త బుద్ధీ పెడదారి పడుతుంది. అలాంటిదాన్ని, రావులపాలెం దగ్గర హైవే పక్కన పాత బండ్లు అమ్మే ఒక రేకుల షెడ్డు ముందు ఏడు నెలలు నిలబడ్డాను. పోయే లారీల్నీ వచ్చే బస్సుల్నీ చూస్తూ లోపల్లోపలే ఉడికిపోయేదాన్ని.

నన్ను ఎక్కడో ఉత్తరాదిలో, ఊరంత కర్మాగారంలో చేశారు. ఒకడు ఒక బోల్టు బిగించి పక్కకు తోసేవాడు, ఇంకొకడు ఇంకో బోల్టు బిగించి ఇంకాస్త పక్కకు తోసేవాడు. నన్ను మొత్తంగా ఒక్కసారి చూసిన మనిషి అక్కడ లేడు. బయటికొచ్చాక చూస్తారులే అనుకున్నాను. నా అమాయకత్వం.

మొదట కొన్నది కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో ఒక పళ్ల డాక్టరు. ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ తెరిపించి చూసే ఆయన నా బానెట్ మాత్రం ఏడాదికొకసారైనా తెరిచి చూసిన పాపాన పోలేదు. అయినా మంచి మనిషే. ఆదివారాలు ఆయన భార్య, ఆవిడ అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, పులిహోర గిన్నె, అందరూ కలిసి పదకొండు మంది ఎక్కేవారు. పిల్లల్ని లెక్కలో వేసుకోకపోవడం మనుషుల అలవాటు. వాంతులు చేసుకునేది మాత్రం ఆ లెక్కలో లేనివాళ్లే. ఆ గోలంతా నాకు ఇష్టంగానే ఉండేది.

ఒక వానాకాలం వాళ్ల అపార్టుమెంటు సెల్లార్‌లో ఉండగా వరద వచ్చింది. ముందు టైర్లు మునిగాయి, తర్వాత మెట్లు, ఆ తర్వాత సీట్లు. మూడు రోజులు బురద నీళ్లలో నానాను. నీళ్లు తీశాక డాక్టరు గారు వచ్చి, ముక్కు మూసుకుని ఒకసారి చూసి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఎవరో నన్ను కారుచౌకగా కొని, కడిగి, నా సీట్లను ఒడియాల్లా ఎండబెట్టి, కొత్త కవర్లు తొడిగి, నా చరిత్ర ఎవరికీ తెలియని గోదావరి పక్కకు తోలారు. అక్కడ నేను అబ్బులు చేతిలో పడ్డాను.

అబ్బులు పాత బండ్ల బ్రోకరు. నోట్లో పంచదార, చేతిలో మల్లెపూల సెంటు బుడ్డి. రోజూ పొద్దున్నే నా లోపల ఆ సెంటు చల్లేవాడు. కానీ నా కార్పెట్ కింద వైర్లన్నీ చిలుము పట్టి పచ్చబడ్డాయి. ఇంజను వేడెక్కి ఇరవై నిమిషాలు దాటిందా, చెప్పాపెట్టకుండా ఆగిపోతాను. స్టీరింగు రాయి అవుతుంది, బ్రేకు బిగుసుకుంటుంది. ఈ సంగతి అబ్బులుకి తెలుసు. అందుకే బేరానికి ఎవరొచ్చినా, నడిపి చూసుకోమని పెట్రోలు బంకు దాకా పంపించి వెనక్కి రప్పించేవాడు. రానూపోనూ ఎనిమిది నిమిషాలు.

ఒక శుక్రవారం పొద్దున్న ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఇనప గేట్లు, కిటికీ ఊచలు మోసే ఆటో అది. తోలుకొచ్చినవాడు దొరబాబు, వెల్డరు. పక్కన అతని తోడల్లుడు బుల్లియ్య, ట్రాక్టరు డ్రైవరు. బండి కొనడానికి వెళ్లేటప్పుడు ‘బండ్ల సంగతి తెలిసిన మనిషి’ ఒకణ్ని వెంట తీసుకెళ్లాలి కదా, ఆ మనిషన్నమాట. వెనక ట్రాలీలో దొరబాబు భార్య సూర్యకుమారి, తాళ్లతో కట్టేసిన ఒక చక్రాల కుర్చీ, అందులో పదహారేళ్ల హిమజ. ఎవరూ గుర్తుపట్టకుండా ఆ పిల్ల మొహం మీదికి చున్నీ లాక్కుని కూర్చుంది.

పుట్టుకతోనే కాళ్లు నిలవని పిల్ల. పద్నాలుగు కిలోమీటర్ల అవతల కాలేజీలో సీటొచ్చింది. సోమవారం నుంచి క్లాసులు. దారంతా కాలువ గట్టు. బస్సులో కుర్చీ పట్టదు, ఆటోవాళ్లు ఎక్కించుకోరు. ఈ ట్రాలీలో అయితే చచ్చినా వెళ్లనని పిల్ల పంతం. ఇదంతా నాకు వాళ్ల మాటల్లోనే తెలిసింది.

“ఆయ్, రండి రండి! డాక్టరు గారి బండండీ ఇది. సింగిల్ హ్యాండు. ఆదివారం తప్ప బయటికి తీసేవోరు కాదండి బాబూ!” అన్నాడు అబ్బులు.

చూశారా, ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

బుల్లియ్య నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నాలుగు టైర్లనూ వరసగా తన్నాడు. టైరు తంతే ఏం తెలుస్తుందో ఇవాళ్టికీ నాకు అర్థం కాలేదు. తన్నినవాళ్లకు అర్థమైనట్టూ లేదు. ఆ తర్వాత నా నంబరు ప్లేటు ముందు నిలబడి వేళ్లు మడిచాడు. “మూడూ ఆరూ తొమ్మిది, అయిదూ నాలుగూ తొమ్మిది. మొత్తం పద్దెనిమిది. టోటల్ తొమ్మిది! ఇంకేటి చూత్తావు దొరబాబూ, కళ్లు మూసుకుని తీసేస్కో.”

నా పక్కన ఒక నీలం బండి ఉండేది. నాకన్నా ఎంతో ఆరోగ్యంగా ఉండేది. దాని టోటల్ ఎనిమిది. నేనున్న ఏడు నెలల్లో దాన్ని తన్నిన నాథుడే లేడు.

“పదకొండుంపావుకి వర్జ్యం వచ్చేత్తాదండి. ఈలోపు బయానా ఇచ్చేత్తే మంచిది” అని అబ్బులు గడియారం చూశాడు. ఇక అందరి కాళ్లకూ చక్రాలు వచ్చాయి. మధ్య సీటు తీసేసి, ఇద్దరు మగవాళ్లు కుర్చీతో సహా హిమజని ఎత్తి లోపల పెట్టారు. దొరబాబు తాళం తిప్పాడు.

నిజం చెప్పొద్దూ, స్టార్టవకూడదని నేను కోరుకున్నాను. మామూలుగా నాలుగైదు సార్లు మొరాయించే దాన్ని, ఆ రోజు తాళం తిప్పీ తిప్పకముందే అందుకున్నాను. మన అవయవాలు మన మాట ఎప్పుడు విన్నాయి గనక!

హైవే ఎక్కగానే హిమజ కిటికీ అద్దం జరిపి, మొహం మీది చున్నీ తీసేసింది. ఆ గాలికి కళ్లు మూసుకుని నవ్వుకుంది. బంకు దగ్గర పడుతుంటే, “నాన్నా, ఇంకొంచెం దూరం పోదామా?” అని అడిగింది.

పోనివ్వండి, పోనివ్వండి అని నా లోపల ప్రతి నట్టూ మొత్తుకుంది. ఇంకో పదహారు నిమిషాలు పోనిస్తే నా గుట్టు నేనే బయటపెట్టేదాన్ని. ముందు సీట్లోంచి అబ్బులు, “వర్జ్యవండి బాబూ, తిప్పేయండి” అన్నాడు. తిప్పేశారు.

అప్పుడు నాకు భయం వేసింది. ఆ నెలలో అమ్ముడుపోకపోతే తుక్కుకి వేసేస్తానని అబ్బులు ఫోన్లో ఎవరితోనో అనగా విన్నాను. బతకాలన్న ఆశ నాకూ ఉంది. పైగా ఆ పిల్ల నవ్వు చూశాక, రోజూ దాన్ని మోయాలనిపించింది. మోస్తాను సరే, ఆ కాలువ గట్టు మీద, ఎదురుగా ఇసుక లారీ వస్తుండగా నేను ఆగిపోతే? మిగతావాళ్లు తలుపు తీసుకుని దూకుతారు. ఆ పిల్ల దూకలేదు. అటు కాలువ, ఇటు లారీ, మధ్యలో అది. ఈ ఊహతో నా ఇంజను వణికింది. దొరబాబు “ఏటీ చిన్న ఒణుకు?” అంటే, “ఇంకా వేడెక్కలేదు కదండీ” అన్నాడు అబ్బులు.

షెడ్డు ముందు ఆగాం. పదకొండు దాటి అయిదు నిమిషాలు. దొరబాబు చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది.

“ఒక్క నిమిషం ఆగండి” అంది సూర్యకుమారి. “కుర్చీ చుట్టూ బెల్టు అందుద్దో లేదో చూడాలి.”

ఈ దేశంలో నా వెనక బెల్టుల్ని ఎవరూ పెట్టుకోగా నేను చూడలేదు. అడిగినవాళ్లు కూడా లేరు. కానీ సూర్యకుమారి టైలరు. ఇరవై ఏళ్లుగా టేపు పట్టిన చెయ్యి ఆమెది. బెల్టు కొస పట్టుకుని కుర్చీ చుట్టూ తిప్పింది. ఎంత మిగులుతుందో చూద్దామని ఇంకా లాగింది.

“అంత లాగకండమ్మా, అది టేపు కాదండి” అన్నాడు అబ్బులు, మొదటిసారి నవ్వకుండా.

“చివరంటా చూడకుండా నేను గుడ్డ కోయనండి” అని ఆఖరి చుట్టు దాకా లాగేసింది.

చివరి మూర బయటపడింది. కడిగినవాళ్ల చెయ్యి అందనిది, లోపల చుట్టుకుని ఉన్నది. దాని మీద అంచు నుంచి అంచుకి గోధుమరంగు గీత ఒకటి మెలికలు తిరిగి ఉంది. ఏడు నెలలుగా ఎవరైనా చూస్తే బాగుండునని నేను కొట్టుకుంటున్నది దాని కోసమే. ఇప్పుడు చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

“దీన్ని నీళ్లు ముంచేసినయ్యి” అంది కుమారి మెల్లగా.

“డాక్టరు గారి పిల్లలు పాలు ఒలకబోసుంటారండి.”

“పాలు ఒలికితే మరక పడుద్ది. నీళ్లు నిలబడితే గీత పడుద్ది. వానకి తడిసిన తానులు నేనెన్ని చూశాననుకున్నారు? పైమడత ఉతికేత్తారు, లోపలి మడతలో గీత అలాగే ఉంటాది.” సీటు కవరు మూల కుట్టు ఊడదీసి, లోపలి స్పాంజిని వేలితో నొక్కి వాసన చూసింది. మొహం తిప్పుకుంది. మల్లెపూల సెంటు అంత లోపలికి వెళ్లలేదు పాపం.

“టోటల్ తొమ్మిదమ్మా!” అన్నాడు బుల్లియ్య, నా మీద జాలితోనో, తన పరువు మీద జాలితోనో.

“నీళ్లకి టోటల్ తెలుసా బావా?”

దొరబాబు వంగి కార్పెట్ ఎత్తి చూశాడు. పచ్చబడ్డ వైర్ల మీద గోరుతో గీకాడు, పొడి రాలింది. జేబులోంచి తీయబోయిన డబ్బు అక్కడే ఉంచేసి, “పోదాం” అన్నాడు.

హిమజ కళ్లనిండా నీళ్లు. “సోమవారం కాలేజీ అమ్మా. మళ్లీ నన్ను గేటులాగా కట్టి తీసుకెళ్తారా?”

కుమారి కుర్చీ పక్కన కూలబడింది. “మన ఆటోకున్న రోగాలన్నీ మీ నాన్నకి తెల్సు. దీని రోగం దీనికే తెల్సు. నిన్ను దీన్లో పంపి, సాయంత్రం దాకా నేను మిషను మీద కూచోలేనే తల్లీ.”

“మీకొద్దంటే పోనీండి, ఆదివారం ఇంకో బేరం వత్తంది” అన్నాడు అబ్బులు.

హిమజ కళ్లు తుడుచుకుని అతన్నే చూసింది. “వాళ్లకి చెప్తారా?”

అబ్బులు హైవే మీద పోయే లారీని శ్రద్ధగా చూశాడు. నాకు తెలుసు, వాళ్లు అలా వెళ్లగానే ఆ చివరి మూర కత్తిరించేస్తాడు. ఆదివారం ఇంకో పిల్ల ఎక్కుతుంది, నవ్వుతుంది. దాని తల్లి టైలరు కాకపోవచ్చు.

కుమారి కూడా అదే అనుకుందేమో, లేచి నిలబడింది. “అయితే ఆదివారం నేనూ వత్తాను. ఈ గేటు కాడే కూచుంటాను. వచ్చినోళ్లకి బెల్టు లాగి చూపిత్తాను.”

అబ్బులు నోట్లో పంచదార కరిగిపోయింది. దొరబాబు నా పైకప్పు మీద వేలి కణుపులతో కొట్టి చూశాడు. జారే తలుపుని ఒకసారి అటూ ఇటూ లాగాడు. తర్వాత తన ట్రాలీ వైపు చూశాడు, మళ్లీ నా వైపు. వెల్డరు చూపు వేరు, బండి కొనేవాడి చూపు వేరు. “ఇంజను సంగతి వదిలెయ్యండి. తుక్కు లెక్కన ఇత్తారా?” అన్నాడు.

బేరం తెగేసరికి పదకొండున్నర. వర్జ్యం నిండుగా నడుస్తోంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడం కష్టం. గ్యాసు మంటతో నన్ను నడుముకి కోశారు. ఇంజను, చక్రాలు, చిలుము పట్టిన వైర్లు ఒక లారీలో ఎటో పోయాయి. వాటితోపాటు తొమ్మిది టోటలూ పోయింది. నా కప్పు, ఒక పక్క గోడ, జారే తలుపు, నేల మాత్రం దొరబాబు షెడ్డులో ఉండిపోయాయి. వాటిని ట్రాలీ మీద కూర్చోబెట్టి, కుర్చీ ఎక్కడానికి వెనక ఇనప వాలు అతికించాడు. నా పాత బెల్టుని కుమారి నమ్మలేదు, కొత్తది తెచ్చి తనే నాలుగు వరసలు కుట్టింది. పని సోమవారానికి కాలేదు. హిమజకి మూడు రోజుల క్లాసులు పోయాయి, ఆ మూడు రోజులూ తండ్రితో మాట్లాడలేదు. రంగు ఆరకముందే గురువారం వచ్చేసింది.

ఆ పొద్దున్న వీధిలో నలుగురూ చూస్తుండగా కుర్చీ నా నేల మీదికి ఎక్కింది. సగం వ్యాను, సగం ఆటో, పేరేమిటో నాకే తెలియదు. ఇప్పుడు నవ్వుతుందా, మొహం మీదికి చున్నీ లాక్కుంటుందా అని నా రేకులన్నీ బిగబట్టుకుని ఉన్నాను. కుమారి బెల్టు బిగించి, రెండుసార్లు గుంజి చూసి, కిందికి దిగింది. పదహారేళ్లుగా ఆ పిల్లకి తలుపులన్నీ వేసిన చెయ్యి అలవాటుగా నా తలుపు పిడి కోసం చాచింది.

చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. లోపల్నుంచి హిమజ నన్ను బలంగా లాగి, తనే మూసుకుంది.